ఆఖరి గుంత దాకా ఆడినవాడు

మా బాబాయి పోయాడు. పొదిలి పక్కన మా ఊళ్లో, పత్తి చేనుకు మందు కొట్టించి వచ్చి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. తమ్ముడు ఫోన్ చేస్తే గుంటూరు నుంచి మొదటి బస్సుకే వెళ్లాను. మర్నాడు పేపర్లో, జిల్లా పేజీలో ఫొటో వేశారు. ఒకప్పటి గోల్ఫ్ విజేత, ఫామ్ పోయి, మనస్తాపంతో ఆటకు దూరమయ్యాడని రాశారు. చదివి ఒళ్లు మండిపోయింది. మనస్తాపమా? దూరమా? ఎవరండీ మీకు చెప్పింది?

ఆయన పోయిన నెల దాకా ఆడాడు. చిన్నదో చితకదో, ఎవరు రానిస్తే ఆ పోటీలో ఆడాడు. బాగా ఆడలేదు, నిజమే. ఓడిపోతూనే ఆడాడు. మానెయ్యమని ప్రాణం తీసింది మనం.

గోల్ఫ్ అంటే మా వైపు ఎవరికీ తెలియని రోజుల్లో, హైదరాబాదులో ఆ ఆట మైదానంలో తోటపని చేసే మేనమామ దగ్గరికి చిన్నప్పుడే వెళ్లి, ఆడేవాళ్ల సంచులు మోస్తూ ఆట పట్టేశాడాయన. తొంభైల చివర్లో దేశంలో పేరున్న పోటీలు వరసగా గెలిచాడు. ఊరంతా ట్రాక్టర్ మీద ఊరేగించింది. ఆటేమిటో మాకు అర్థం కాలేదు గానీ కప్పు మాత్రం బాగా అర్థమైంది. 'మావాడు' అని చెప్పుకోని ఇల్లు లేదు.

తర్వాత కొన్నేళ్లకే చెయ్యి మాట వినడం మానేసింది. కనుచూపు మేర కొట్టేవాడు బంతిని. తీరా గుంత దగ్గరికొచ్చి మూరెడు దూరం తొయ్యాల్సి వస్తే మణికట్టు అదిరేది. పోటీలు లేనప్పుడు ఇంటికొచ్చి, మిరపకాయలు టిక్కీ బస్తాలకెత్తాక ఖాళీ అయిన కల్లంలో, పేడతో అలికిన నున్నటి నేలలో గ్లాసు పాతి, పొద్దస్తమానం బంతి తోస్తుండేవాడు. ఇక చూడండి, దారినపోయే ప్రతివాడూ కోచే.

"ఏరా, నిమ్మకాయంత బంతిని గుంతలోకి తొయ్యలేవా? మా బుడ్డోడు తోస్తాడు!" అనేవాడు పక్క చేను ఆయన.

నానమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి, "ఘాటే రాలేదు, ఎంత దిష్టి తగిలిందో నాయనా" అని ముక్కు చీదింది. ఇల్లంతా దగ్గి చస్తున్నాం అప్పటికి! బాబాయి దగ్గుతూనే నవ్వాడు.

మా నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. "గెలిచినప్పుడే మానేసుంటే మర్యాదగా ఉండేది. ఇంకా పరువు తియ్యమాక. పొలం చూసుకో."

"ఓడిపోవాలన్నా ఆడాలిగా అన్నయ్యా" అనేవాడు బాబాయి. ఓడి వచ్చిన రోజు కూడా బూట్లు తుడిచి ఎండలో పెట్టేవాడు.

గెలిచినప్పుడు మానెయ్యాలట! తెగులొచ్చి తోట తోటంతా మాడిపోయినా తొలకరికి మళ్లీ నారు పోసే జనం కదా మనం. మంచి ధర వచ్చిన ఏడే ఎందుకు మానలేదని ఏ రైతునైనా అడిగామా? ఆయన్నే ఎందుకు అడిగాం?

పెద్ద పోటీల్లో ఆయన ఉండాలో వద్దో తేలిపోయే ఆట ఒకటి హైదరాబాదులో జరిగింది. నాన్న, నేను చూడబోయాం. "ఇదే ఆఖరు, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొస్తా" అన్నాడు నాన్న బస్సులో. బాబాయి మధ్యాహ్నానికే అందరికన్నా వెనకబడ్డాడు. జోడీగా ఆడాల్సినవాడు మధ్యలోనే మానేసి పోయాడు. బాబాయి సంచి తనే మోసుకుంటూ ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి, బహుమతులిచ్చేసి షామియానా విప్పుతున్నారు. గుంతకు గుర్తుగా నిలిపిన జెండా పీకి ఒకతను పట్టుకుపోతున్నాడు.

"బాబూ, జెండా పెట్టు. నా ఆట అవలేదు" అన్నాడు బాబాయి.

"అందరూ వెళ్లిపోయారు సార్. ఇంకా ఎందుకు? రండి, టీ తాగుదురు గాని."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నది జాలి. వెటకారమైనా నయమనిపించింది. బాబాయి కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా పక్కనున్న నాన్న ఉన్నట్టుండి కదిలాడు.

"ఏమయ్యోవ్! వాడి ఆట అవలేదంటుంటే వినపళ్లా? ఇటియ్యి జెండా!"

లాక్కున్నాడు. చెప్పులు పక్కన విడిచి, పంచె ఎగ్గట్టి, పచ్చికలోకి వెళ్లి గుంత పక్కన జెండా పట్టుకుని నిలబడ్డాడు. "కానియ్యరా" అన్నాడు.

బాబాయి తోశాడు. తప్పింది. మళ్లీ తోశాడు. అంచు దాకా వచ్చి పక్కకు పోయింది. నాన్న కదల్లేదు. మూడోసారి పడింది. బాబాయి టోపీ తీసి చెయ్యి చాచాడు. ఆట ముగిశాక ఆటగాళ్లు చేతులు కలుపుతారని నాన్నకు తెలియదు. జెండా చంకలో పెట్టుకుని, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.