మిస్టర్ గారు మళ్ళీ డాక్టరైన రోజు

కొత్తగా చదువు పూర్తిచేసిన రోజుల్లో మనకి తెలిసిన ప్రతి సంగతీ లోకానికి చెప్పేయాలనిపిస్తుంది, ఎవరూ అడక్కపోయినా సరే. దోహాలో ఓ పెద్దాసుపత్రిలో జూనియర్‌గా చేరినప్పుడు నేను సరిగ్గా ఆ జబ్బుతోనే ఉన్నాను. మా సర్జన్‌ది వేల్స్ దేశం. బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, లండన్‌లో చదివి, సగం జీవితం కత్తి పట్టుకుని గడిపి, రిటైరయ్యే ముందు కాస్త ఎండ మొహం చూద్దామని ఖతర్ వచ్చిన మనిషి. వాళ్ళ ఆచారం ప్రకారం మామూలు వైద్యుడు డాక్టరు. పెద్ద పరీక్ష నెగ్గి సర్జనైతే మాత్రం ఆ బిరుదు వదిలేసి 'మిస్టర్' అయిపోతాడు. ఆయన పట్టుబట్టి బ్యాడ్జి మీద కూడా అలాగే వేయించుకున్నారు. మేం తెలుగువాళ్ళం ఆయన్ని చాటుగా 'మిస్టర్ గారు' అనేవాళ్ళం (ఎదురుగా అయితే సార్ అనడానికే గొంతు పెగిలేది కాదు).

ఒక శుక్రవారం ఉదయం జగిత్యాల మేస్త్రీ ఒకాయన కడుపునొప్పితో చేరాడు. అపెండిక్స్. ఆలస్యమైతే లోపల పగిలేలా ఉంది. బాబాయ్ అని వరస కలిపేసి, ఆపరేషన్‌కి సంతకం పెట్టించుకోవడానికి వెళ్ళాను. వీడియో కాల్‌లో భార్యతో మాట్లాడుతున్న ఆయన నన్ను చూడగానే పెన్ను పక్కన పడేశాడు.

"బిడ్డా, పక్క మంచమాయన చదివి చెప్పిండు, నీ బిళ్ళ మీద డాక్టర్ అని ఉన్నది. కోసెటాయన బిళ్ళ మీద మిస్టర్ అని ఉన్నది. నర్సులు నన్ను గూడ మిస్టరే అంటున్నరు. మరి ఆయనకు నాకు ఫరక్ ఏంది?"

ఫోన్లోంచి పిన్ని అందుకుంది (ఆవిడకి గల్ఫ్ అంతా దుబాయే). "దుబాయ్‌ల కంపౌండర్‌తోని కడుపు కోపిచ్చుకుంటవా? వద్దంటే వద్దు!"

ఆయన గొప్ప సర్జన్ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నేనెందుకు ఊరుకుంటాను? "అది కాదు బాబాయ్, పూర్వం వాళ్ళ దేశంలో కోతలు కోసింది డాక్టర్లు కాదు, గడ్డాలు గీసేవాళ్ళు. ఆ గుర్తుగానే..."

"అంటే ఈయన గడ్డం గీసెటాయననా!" బాబాయ్ నొప్పి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. "ఆపరేషన్ మాఫీ! నేను లేబర్ క్యాంపుకు వోత." ఫోన్లో పిన్ని ఏడుపు లంకించుకుంది.

నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంటూ సార్ దగ్గరికి పరిగెత్తి, చేసిన ఘనకార్యమంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను మిస్టర్‌ అయిన రోజు మా అమ్మ భోజనం మానేసింది," అన్నారు. "గని కూలీ కొడుకు డాక్టరయ్యాడని వీధంతా చెప్పుకుంది కదా. ఏం తప్పు చేశావురా, డాక్టరు తీసేశారు, అని అడిగింది. ఎంత చెప్పినా నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదు." బ్యాడ్జి విప్పి నా చేతిలో పెట్టారు. "దీని మీద ప్లాస్టర్ అంటించి, మీ భాషలో డాక్టర్ అని రాయి."

రాశాను. సార్ స్వయంగా మంచం దగ్గరికొచ్చి వంగి నిలబడ్డారు. బాబాయ్ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఫోన్ బ్యాడ్జికి దగ్గరగా పెట్టాడు. "చూసినవానే? మన తెలుగులనే ఉన్నది."

పిన్ని ముక్కు చీదింది. "గట్లైతే సరే. సారూ, మా ఆయన పైలం!"

"యల్లా సార్, పోదాం పాండ్రి," అని బాబాయ్ సంతకం పెట్టేశాడు. పగలకముందే అపెండిక్స్ బయటికొచ్చింది. నాకూ ఊపిరొచ్చింది.

ఆ ప్లాస్టర్ అంచులు నల్లబడినా సార్ తీయలేదు. వీడ్కోలు రోజున కూడా కోటు మీద అదే ఉంది. ఇంకా ఎందుకు సార్ అంటే, "ఉండనీ, మా అమ్మకి నచ్చేది," అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఈమధ్యే నేనూ ఆ పరీక్ష నెగ్గాను. ఆడ సర్జన్‌ని 'మిస్' అంటారు, పెళ్ళయినా సరే. గొప్పగా కొత్త బ్యాడ్జి వేయించుకుని, తెనాలిలో ఉన్న మా అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ కళ్ళు చికిలించి చూసింది. "డాక్టరేదే? పెళ్ళయి పిల్లాడు పుట్టాక మిస్ ఏమిటి? అల్లుడుగారు ఏమీ అనలేదా?" అని, చిన్నబుచ్చుకుని, "అపార్ట్‌మెంట్‌లో అందరికీ డాక్టరనే చెప్పుకున్నానే," అంది. గడ్డాల చరిత్ర ఎత్తబోయి నాలుక కరుచుకున్నాను. "పొరపాటున రాశారమ్మా, రేపే మార్పిస్తా," అని ఫోన్ పెట్టేసి, సొరుగులో ప్లాస్టర్ చుట్ట కోసం వెతికాను.