అత్త నా ఒక్కదానిదే కాదు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మా ఇంటివాళ్ళ నుంచి రాలేదు. విజయనగరంలో ఆఫీసుకు బయలుదేరుతూ స్కూటర్ తాళం వెతుక్కుంటుంటే వాట్సాప్ మోగింది. "మేడమ్ వెళ్ళిపోయారు. పొద్దున్నే. నేను పక్కనే ఉన్నాను. మీరు రండి." పంపింది నూకరత్నం. అత్త చేరదీసి చదివించిన అమ్మాయి, ఎమ్మేలో నా క్లాస్‌మేట్. ఆమెకు సరిగా వినబడదు కాబట్టి ఫోన్ చెయ్యదు, రాస్తుంది. ఆ నాలుగు ముక్కల్లో నా కళ్ళు ముందు ఆగింది "నేను పక్కనే ఉన్నాను" అన్న దగ్గర. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

అరసవల్లిలో అత్త ఇంటికి చేరేసరికి వరండా నిండా జనం. వీధిలో ఆడవాళ్ళు రత్నాన్ని పట్టుకుని ఓదారుస్తున్నారు. ఆమె గొంతు ఆమెకే అందదు కదా, ఆ ఏడుపుకి హద్దు లేదు. ఎవరో ముసలావిడ నన్ను చూసి, "నువ్వెవలమ్మా?" అని అడిగింది.

"మేనకోడల్ని."

"మరి ఆ గుంట? కూతురేటి?"

లోపలికి వెళ్ళిపోయాను.

అత్త మా నాన్నకు అక్క. మాది శ్రీముఖలింగం పక్క పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్ళైన కొన్నాళ్ళకే మావయ్య పోతే, అత్త పుట్టింటికి తిరిగొచ్చి, మళ్ళీ పుస్తకాలు పట్టుకుని, చివరికి యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెప్పేదాకా వెళ్ళింది. పిల్లలు లేరు. సెలవులకి ఊరొచ్చినప్పుడల్లా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "దీన్ని నాకిచ్చీరా తమ్ముడా" అనేది. నాన్న నవ్వేసేవాడు. నేను మాత్రం నిజమే అనుకున్నాను. రాష్ట్రం ఇంకా విడిపోకముందు, ఎకనామిక్స్ ఎమ్మేలో సీటొచ్చి అత్త ఇంట్లో దిగినప్పుడు, ఎవరూ ఏమీ అనకపోయినా, దత్తత వచ్చినట్టే సంబరపడ్డాను.

గిన్నె అడుగున పట్టిన మాడు గీరుకుని ఇష్టంగా తినేది అత్త. బస్సులో నిలబడే నిద్రపోయేది. కుచ్చిళ్ళు వంకరగా ఉన్నాయంటే, "సూసినోళ్ళు సర్దుకుంటారులే" అనేది. ఇవన్నీ నాకొక్కదానికే తెలిసిన సంగతులని నాకు గొప్పగా ఉండేది.

యూనివర్సిటీలో అత్తకి పాఠాలు కాక ఇంకో పని ఉండేది. లైబ్రరీ పక్కన చిన్న గది, తలుపు మీద 'విద్యార్థి సహాయ కేంద్రం' అని బోర్డు. చూపు లేని పిల్లలకి పరీక్ష రాసిపెట్టే మనుషుల్ని వెతకడం, కాళ్ళు సహకరించని వాళ్ళ క్లాసుల్ని కింది అంతస్తుకి మార్పించడం, స్కాలర్‌షిప్ ఆగిపోయిన కొండ ఊళ్ళ పిల్లల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, హాస్టల్లో ఎవరైనా తిండి మానేసి పడుకుంటే వెళ్ళి పక్కన కూర్చోవడం. గదిలో అత్తకో కుర్చీ ఉండేది కానీ అందులో ఎప్పుడూ ఇంకెవరో ఉండేవారు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే, "నీకేటి కావాలే?" అని అడిగేది. నాకేమీ అక్కర్లేదు. నాకు చెవులున్నాయి, కళ్ళున్నాయి, ఇంట్లో పండిన గింజలున్నాయి. ఆ గదిలో కూర్చోడానికి కావలసిన కష్టం ఒక్కటీ లేదు.

రత్నం గురించి అత్తకి మొదట చెప్పింది నేనే. ఒకరోజు అన్నాల దగ్గర, "మా క్లాసులో ఒకమ్మాయి చేరిందత్తా. బెస్తవాళ్ళ పిల్లట. సార్ ప్రశ్న అడిగితే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పొగరని బయటికి పంపించేశారు" అన్నాను.

అత్త ముద్ద కలపడం ఆపింది. "సారు ఎటు తిరిగి అడిగాడు?"

"బోర్డు మీద రాస్తూ అడిగారు."

మర్నాడు మా ఇద్దర్నీ గదికి పిలిపించింది. ఊరు, ఇల్లు, హాస్టల్ భోజనం గురించి అడిగితే రత్నం చక్కగా జవాబులు చెప్పింది. అప్పుడు అత్త దగ్గొచ్చినట్టు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అదే గొంతుతో, "మీ నాన్న వేటకెళ్తాడా?" అని అడిగింది. రత్నం ముఖంలో దీపం ఆరిపోయినట్టయింది. సాయం చెయ్యమన్నట్టు నా వైపు చూసింది.

అత్త కొంగు దించింది. "ఇనబడదా అమ్మా?"

రత్నం తల దించుకుంది. "కాసింత ఇనబడతాది మేడమ్. మొకం సూస్తే మాట తెలిసిపోద్ది. సిన్నప్పుడు జొరమొచ్చి ఇలగయ్యింది. కెరటాల కాడ అందరూ అరిసే మాటాడతారు గదా, ఊళ్ళో ఎవలికీ తెలీదు. సెప్తే సీటివ్వరని మాయమ్మ సెప్పొద్దన్నాది."

ఆ రోజు నుంచి అత్తకి అదే ధ్యాస. మాకు పాఠం చెప్పే ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి, పిల్లల వైపు తిరిగి మాట్లాడమని అడిగింది. కొందరు విన్నారు, కొందరు రెండు రోజులు గుర్తుంచుకుని మర్చిపోయారు. చెవి మిషన్ పెట్టిస్తే క్లాసులో ఫ్యాను చప్పుడే పెద్దదై పాఠాన్ని మింగేసేది. చివరికి అత్త నాకొక కార్బన్ పేపర్ల కట్ట తెచ్చిచ్చింది. "పెదాలు సూడాలా, రాసుకోవాలా, పాపం రెండూ ఎలా సేస్తాది? నీ కాగితం కింద ఇది పెట్టి రాయి." నేను రాసిన ప్రతి వాక్యం నీలంగా రత్నానికి వెళ్ళేది. సాయంత్రాలు ఆమె మా ఇంటికొచ్చేది. అత్త, నేను కబుర్లు చెప్పుకునే వేళంతా వాళ్ళిద్దరి చదువైపోయింది.

అత్తకి అప్పుడే ఒక కొత్త అలవాటు పట్టుకుంది. మాట్లాడే ముందు బల్లనో తలుపునో రెండుసార్లు తట్టి, ఎదుటి మనిషి ముఖం తిరిగేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచేది. కూరగాయల బండివాడితో అంతే, నాతోనూ అంతే. నా కోసం అత్త అలా ఆగినప్పుడల్లా ఎంత బాగుండేదో చెప్పలేను. అది నా కోసం నేర్చుకున్నది కాదని గుర్తొచ్చి అంతే మండేది.

ఒక రాత్రి భోజనాలప్పుడు బయటపడిపోయాను. మూడో కంచంలోకి అత్త పెద్ద చేప ముక్క వేసింది. రత్నం చెయ్యి కడుక్కుని వెళ్ళాక, "నాకూ ఆకలేస్తుంది అత్తా" అన్నాను.

"ఏయ్! నీకెయ్యలేదేటే?"

"చేప గురించి కాదు."

"అడగడం రానోళ్ళకి ముందు పెట్టాలే. నువ్వు అడుగుతావు గదా, నీకేటి బెంగ?"

అడగడం రావడం కూడా ఒక నేరమేనా అని ఆ రాత్రంతా అనిపించింది.

ఎమ్మే చివర్లో నోటి పరీక్ష ఉండేది. బయట నుంచి వచ్చిన ప్రొఫెసర్ ప్రశ్నలడుగుతారు, అక్కడే చెప్పాలి. ఆయన ఎలా మాట్లాడతారో, మీసం పెదాల మీద పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. ప్రశ్నలు కాగితం మీద రాసివ్వమని అత్త మా డిపార్ట్‌మెంటు పెద్దని అడిగింది. అత్త సంచి పట్టుకుని నేనూ పక్కనే ఉన్నాను.

"అందరికీ ఒకటే రూలు మేడమ్. ఒకరికి రాసిచ్చి ఒకరికి నోటితో అడిగితే మిగతావాళ్ళు ఊరుకుంటారా?" అన్నారాయన. నాకు ఆ మాట సబబుగానే అనిపించింది.

"ఒకటే కొలతకి అందరికీ జాకెట్లు కుట్టీమంటే దర్జీ కూడా ఒప్పుకోడు సార్" అంది అత్త. "మీరు ప్రశ్న మార్చొద్దు. మార్కులు కలపొద్దు. ప్రశ్న ఆ పిల్లదాకా ఎళ్ళాలి, అంతే. ఎళ్ళాక రాకపోతే మీరే ఫెయిల్ చెయ్యండి."

ఆయన ఒప్పుకోలేదు. అత్త కదల్లేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళకుండా ఆ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. వచ్చే పోయే లెక్చరర్లు "ఏంటి మేడమ్ ఇక్కడ?" అని అడిగితే ప్రతివాళ్ళకీ ఓపిగ్గా మొదట్నించి చెప్పింది. సాయంత్రానికి ఆ సంగతి తెలియని మనిషి యూనివర్సిటీలో లేడు. ఆయన బయటికొచ్చి, "సరే, ఎవరో ఒకరు పక్కన కూర్చుని రాసివ్వండి" అన్నారు.

ఆ ఎవరో ఒకరు నేనే.

పరీక్షనాడు రత్నం పక్కన కూర్చున్నాను. మొదటి ప్రశ్న రాసిచ్చాను. చదివి, గట్టిగా, తన ఊరి మాటలోనే చెప్పింది. గొంతు ఎక్కువైందని నేను చెయ్యి తడితే తగ్గించింది. రెండో ప్రశ్నా అలాగే గడిచింది. మూడోది అడగబోతూ ప్రొఫెసర్ ఆగి, నా ముందున్న కాగితం, పెన్ను తన వైపు లాక్కుని తానే రాయడం మొదలుపెట్టారు. రాసి ఆమె వైపు తిప్పేవారు, ఆమె చదివి చెప్పేది, ఆయన నవ్వి మళ్ళీ రాసేవారు. మధ్యలో ఒక ప్రశ్నకి "ఇది రాదు సార్" అంది రత్నం. ఆయన తలూపి ఇంకోటి రాశారు. ఇద్దరూ నన్ను మర్చిపోయారు. నా వంతు పరీక్ష నోటితోనే జరిగింది, రెండు నిమిషాల్లో అయిపోయింది.

బయట అత్త కాచుకుని ఉంది. రత్నం ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అన్నీ అడిగి తెలుసుకుంది. ఆ తరువాత నా వైపు తిరిగి, "నీ రాత బాగుంటాదే" అంది. రత్నం పాసైంది, నేనూ పాసయ్యాను. ఆమెకు నాకంటే మార్కులు ఎక్కువొచ్చాయి.

రత్నం శ్రీకాకుళంలోనే జూనియర్ కాలేజీలో లెక్చరరైంది. నేను ఉద్యోగానికి విజయనగరం వెళ్ళాను. అత్త రిటైరయ్యాక కిడ్నీల జబ్బు బయటపడింది. నేను ఆదివారాలు బస్సెక్కి వచ్చేదాన్ని. రత్నం రోజూ కాలేజీ నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. మందులు ఏ డబ్బాలో ఉన్నాయో నేను ఆమెనడగాల్సి వచ్చేది.

ఒక ఆదివారం మేమిద్దరమే ఉన్నప్పుడు అత్త మంచం పట్టె తట్టింది. ముఖం తిప్పాను.

"ఏటే, అలగ ఉన్నావు?"

"నాకు పోటీగా దాన్నెందుకు తెచ్చావత్తా?" నవ్వుతూనే అడిగాను. నవ్వు నిలబడలేదు.

అత్త ఆయాసపడుతూ లేచి కూర్చుంది. "పోటీ అంటే ఇద్దరూ ఒక్క గీత కాడ్నించి బయల్దేరాలే. నువ్వు నా ఇంట్లోంచి బయల్దేరావు. అది ఎక్కడ్నించి నడిసొచ్చిందో సూశావా?" అంది. ఊపిరి తీసుకుని, "నిన్ను సూడలేదని కోపమా? నువ్వు నా సెయ్యనుకున్నానే. సేతిని ఎవలైనా సూసుకుంటారా, పని సేస్తాదనుకుంటారు గాని" అంది.

ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నచ్చిందా అంటే, ఇప్పటికీ నచ్చలేదు. నన్నూ ఒకసారి చూసుకుని ఉండాల్సింది. అయినా అత్త చెయ్యిగా ఉండబట్టే ఈరోజు ఆఫీసులో ఎవరైనా గుమ్మం దగ్గర తటపటాయిస్తే, వాళ్ళు అడిగేలోపు నేనే లేస్తున్నాను. అందుకు అత్తకి రుణపడి ఉన్నాను.

దినం అయిన తరువాత యూనివర్సిటీలో సంతాపసభ పెట్టారు. చూపు లేని ఒకాయన, చేతికర్రలతో వచ్చిన ఒకావిడ, కొండ ఊరి నుంచి వచ్చి ఇప్పుడు తహసీల్దారు ఆఫీసులో పనిచేస్తున్న ఒకతను, ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి "మా మేడమ్" అన్నారు. ప్రతి "మా" నాకు గుచ్చుకుంది. మాట్లాడమని నన్ను పిలిస్తే తల అడ్డంగా ఊపాను.

చివర్లో రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం లేచాం. నా పక్కన రత్నం కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపటికి మైకులో ఎవరో కృతజ్ఞతలు చెప్పారు. కుర్చీలు కిర్రుమన్నాయి, దగ్గులు, మాటలు మొదలయ్యాయి, హాలంతా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. రత్నానికి అవేవీ వినబడలేదు. కళ్ళు తెరవలేదు. అంతమంది మధ్య ఒక్కతే, చేతులు కట్టుకుని, ఇంకా అత్త దగ్గరే ఉంది.

తట్టి చెబుదామని చెయ్యి చాపాను. ఆమె ముఖం చూశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లేచి, ఆమె పక్కనే నిలబడి, కళ్ళు మూసుకున్నాను.