మామ కట్టిన కోళ్ల గంప

మా మేనమామ ఎవరింటికి పోయినా ముందు చేతికర్ర ఎత్తి కప్పును తట్టేవాడు. బొగ్గుబాయిలో కూలుతుందేమోనని ఏండ్ల తరబడి పైకప్పు తట్టి చూసినవాడు కదా, రిటైరైనా ఆ అలవాటు పోలేదు. గట్టిగా పలికితే కూర్చునేవాడు. బోలుగా పలికితే చాయ కూడా వాకిట్లోనే తాగేవాడు.

ఒకనాడు ఆయన సొంత ఇల్లే బోలుగా పలికింది. కొత్త స్లాబు వేసే తాహతు లేదు. వెదురు ముక్కలు మూడేసి కలిపి త్రికోణాలు కట్టాడు. వాటిని పాత సైకిల్ ట్యూబులతో బిగించి, పైన టార్పాలిన్ పట్టా కప్పి, వాకిట్లో గుమ్మటం లేపాడు.

"రాయే, దీంట్ల పండుకుందాం. ఆ కప్పు ఆగేటట్టు లేదు," అన్నాడు అత్తతో.

"కోళ్ల గంపల నువ్వే పండుకో. నలుగురు నవ్వంగ నేను రాను."

"కాకా, గుడ్లెప్పుడు పెడ్తవే?" అని పక్కింటి అక్క అడిగితే వాడకట్టంతా నవ్వింది.

వానలు మొదలవగానే అత్త అందులో మేకలను కట్టేసింది. మామ ఆమెను ఒక్కదాన్నే వదలలేక ఇంట్లోనే పడుకున్నాడు. ఆమె మంచాన్ని గట్టి కప్పు కిందికి జరిపి, బోలుగా పలికే చోట తనది వేసుకున్నాడు.

ముసురులో ఒక తెల్లవారుజామున ఆ చోటే కూలింది. అత్తకు చిన్న గీత కూడా పడలేదు.

మామ శవాన్ని పెట్టడానికి ఇంట్లో జాగా లేదు. మేకలను బయటికి తోలి, గుమ్మటంలోనే పడుకోబెట్టాం. నవ్విన వాడకట్టంతా వానకు అందులోనే ఇరుక్కుని కూర్చుంది. ఒక్క చుక్క కారలేదు.

"మంచిగ కట్టిండు," అన్నది పక్కింటి అక్క, పట్టాను తడిమి చూసి.

అత్త కండ్లు తుడుచుకుని బయటికి చూసింది.

"జర జల్ది కానియ్యుండ్రి. మేకలు తడుస్తున్నయ్."