జాజు బొట్టు

మా బాపు జీవితమంతా గొర్రెలు కాశాడు. మోకాళ్లు మొరాయించాక మంద అమ్మేశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు వాకిట్లో కూర్చొని, రోడ్డు మీద పోయే ఊరివాళ్ల మందలకు వంకలు పెట్టడం తప్ప వేరే పని చేయలేదు. నేను షాద్‌నగర్ కంపెనీ బస్సెక్కడం మానేసి రెండు వందల కోడిపిల్లలు తెచ్చిన రోజు మాత్రం మంచం మీంచి లేచి వచ్చాడు.

"గిదేం మంద బిడ్డా? అన్నీ ఒక్క గంపల వడ్తయి," అని నవ్వాడు. నవ్వుతూనే, "సగం నాయి," అన్నాడు.

ఇంటి వెనక కొట్టంలో రేకును గుండ్రంగా నిలబెట్టి, లోపల వరి ఊక పరిచి, వేడి కోసం పైన బల్బులు వేలాడదీశాను. తల్లి లేని పిల్లలకు ఆ బల్బులే రెక్కల చాటు. మూడో రోజు బాపు ఒక చిప్పలో జాజు కలుపుకొని వచ్చాడు. గడపలకు పూసే ఎర్రమట్టి అది. మేపులో మందలు కలిసిపోతే తమ గొర్రెలు గుర్తుపట్టడానికి మావాళ్లు వాటి వీపుల మీద జాజు పూస్తారు. బాపు ఒక్కో పిల్లను అరచేతిలోకి తీసుకొని, తోక మొదట్లో వేలితో బొట్టు పెట్టాడు. లేత పసుపు బొచ్చు మీద ఎర్రగా భలే కనబడింది. సరిగ్గా వంద పెట్టి, చెయ్యి తుడుచుకొని, దర్జాగా చూశాడు. నాకూ ముచ్చటేసింది.

రెండో వారంలో పొడుచుకోవడం మొదలైంది. ముందు ఒకదాని తోక దగ్గర ఈకలు పోయాయి. మర్నాటికి అక్కడ రక్తం. రక్తం కనబడితే చాలు, పదీ పదిహేనూ మీదపడి పొడిచేవి. ఇంత లేని పిల్లలకు అంత రాక్షసత్వం ఎక్కడిదా అని ఆశ్చర్యపోయాను. గాయపడ్డవాటిని గంప కింద వేరుగా పెట్టి, పసుపు కలిపిన వేపనూనె రాశాను. అయినా వారంలో తొమ్మిది చచ్చిపోయాయి. తొమ్మిదీ బాపువే.

పశువుల దవాఖానకు పోయి అడిగాను. జాగా పెంచమన్నాడు డాక్టరు, పెంచాను. దాణా డబ్బాలు ఎక్కువ పెట్టమన్నాడు, పెట్టాను. ఎర్ర బల్బు వేస్తే ఆ వెలుతురులో రక్తం రక్తంలా కనబడదు, పొడవవు అని కూడా చెప్పాడు. ఇదేదో పెళ్లి పందిరి అలంకారంలా ఉందనుకొని ఆ మాట పక్కన పెట్టాను. నాకు అన్నీ తెలుసన్న పొగరు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఈలోగా ఈకలు మొలిచి బొట్లు చెరుగుతున్నాయని బాపు మళ్లీ జాజు పెట్టాడు. తెల్లారి మరో నాలుగు పోయాయి. వాటిని గుంత తీసి పూడ్చి, చేతులు కడుక్కొని, నా మొహం చూడకుండా అన్నాడు.

"నా చేతి వాసి పోయింది బిడ్డా. నేను ముట్టినయే సస్తున్నయి. ఇగ కొట్టంలకు రాను."

నిజంగానే రాలేదు. మళ్లీ వాకిలి, మళ్లీ మంచం. ఈసారి దారిన పోయే మందలకు వంకలు కూడా పెట్టలేదు. అది చూసి నాకు భయమేసింది. పిల్లలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈయన ఇలా అయిపోతే ఏం చేయాలి? అసలు బాపువే ఎందుకు చస్తున్నాయి? ఊక ఒకటే, దాణా ఒకటే, నీళ్లూ అవే.

ఆ పొద్దు ఊక కలియబెడుతుంటే ఒక పిల్ల వచ్చి నా వేలిని టక్కున పొడిచింది. ఇంకోటి వచ్చింది. క్షణంలో ఏడెనిమిది చేరాయి. ఏమిటా అని చూస్తే, చుట్టాల పెళ్లికని కుడిచేతి గోళ్లకు వేసుకున్న ఎర్ర రంగు. ఎడమచేతికి ఇంకా వేసుకోలేదు. ఆ చెయ్యి పెట్టి చూశాను. ఒక్కటీ రాలేదు. ఒక గులకరాయికి జాజు రాసి ఊకలో వేశాను. పోటీలు పడి పొడిచాయి. మామూలు రాయి వేస్తే ఒకసారి చూసి వెళ్లిపోయాయి.

పరుగెత్తుకుంటూ వాకిట్లోకి వెళ్లాను.

"బాపూ, నీ చేతి వాసికి ఏం కాలే. నువ్వు వెట్టిన బొట్టును జూసి పొడుస్తున్నయి."

నమ్మలేదు. చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి రాయి ఆట చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాల తడిపి, కూర్చొని, ఒక్కో పిల్లను పట్టుకొని బొట్టు తుడవసాగాడు. నేను పోయి ఎర్ర బల్బులు తెచ్చి వేశాను. కొట్టమంతా ఎర్రబడింది. పిల్లలు నెమ్మదించాయి. ఏ రంగు ఆశ పెట్టి చంపిందో ఆ రంగే కాపాడటం నాకు ఇప్పటికీ వింతే.

తుడవడం అయ్యాక బాపు అన్నాడు: "గొర్లంటే వేరే మందల కలుస్తయని పెడ్తం. రేకు నడుమ ఉన్నయి, గివి యాడికి పోతయి? నాకంటూ ఇన్ని జీవాలున్నయని జూసుకుందామని పెట్టిన బిడ్డా."

తువ్వాల అందుకుంటూ నేను అన్నాను: "అన్నీ నీయే బాపూ. నేను నీ దగ్గర పనికి జీతముంట."

"కంపెనీల చేసినదానివి, నువ్వు నా దగ్గర జీతముంటవా?" అని నా వైపు చూశాడు. గొర్రెలు అమ్మిన తర్వాత ఆయన కళ్లలో ఆ కొంటెతనం చూడటం అదే మొదలు.

"మరి కూసున్నవేంది? లే. పనిలేక పొడుసుకుంటున్నయి గివి. గొర్రెపిల్లలకు కట్టినట్టు పైనుంచి ఆకు కట్టాలె. పొద్దు గూకకముందే ఇంత అవిశాకు కొట్టుకరాపో."

కొడవలి తీసుకొని బయలుదేరాను.