సిమ్మాచలం చివరి మాట

మలేషియాలో పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ పోయే రైల్లో, తనలో తాను పెదవులు కదుపుకుంటూ కనిపించే డెబ్బయ్యేళ్ల మనిషి సిమ్మాచలం. ఒళ్లో సంచి, సంచిలో తనే ఇస్త్రీ చేసుకున్న ఖాకీ చొక్కా. నలభై ఏళ్లుగా ఇంగ్లీషు నాటకాల్లో, సినిమాల్లో వేస్తున్నాడు. రాజుల మాటలన్నీ కంఠతా వచ్చు. ఇచ్చేది మాత్రం దొరలకు తలుపు తీసి తల వంచే కాపలావాడి వేషం.

మొన్నటి సినిమాలో రబ్బరు తోట కూలీగా చచ్చిపోయే ముందు ఒక్క మాట దొరికింది. "మీ భాషలోనే చెప్పండి" అన్నాడు డైరెక్టరు. తోటలోనే పోయిన తల్లిని తలుచుకుని, "అమ్మా, నానింక ఇంటికి రాలేనే" అన్నాడు. ఆ రోజు సెట్టులో లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కదల్లేదు.

సినిమా విడుదలయ్యాక హాల్లో మనవరాలు దర్షిణి పక్కన కూర్చుని చూశాడు. తెర మీద పెదవులు తనవే, మాట తమిళం. తోట కూలీలంటే తమిళులేనని ఎవరో గొంతు మార్చేశారు. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరో మాట ఎరగని దర్షిణి కళ్లు తుడుచుకుంది.

"తాతా, నీ తెలుగు ఎంత బాగుందో" అంది ఇంగ్లీషులో.

సిమ్మాచలం అలవాటైన కాపలావాడిలాగే తల వంచాడు.