వెనక క్యాన్‌కు పోయిన వెన్న

కుప్పమ్మ తన పాలలో చుక్క నీళ్లు కలపలేదు. అయినా కలిపిందని కంప్యూటరు చెప్పింది, కంప్యూటరు చెప్పిందని పాల సెంటరు నమ్మింది, సెంటరు నమ్మిందని ఊరు నమ్మింది.

రెండేళ్ల కిందటి మాట. పుత్తూరుకు దగ్గర్లో ఒక పల్లె, అందులో పాల సేకరణ కేంద్రం. నేను చిత్తూరులో రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్ నెట్‌వర్కుల దాకా వచ్చినవాణ్ని. ఆ రోజు వెళ్లింది ఎలుకలు కొరికిన కేబుల్ మార్చడానికి. కుప్పమ్మ క్యాన్ నేల మీద పెట్టి కదలకుండా నిలబడి ఉంది. సెక్రెటరీ చెంగల్రాయుడు ఆ పాలు తీసుకోనంటున్నాడు. ఇంకొక్కసారి ఇట్లా అయితే సభ్యత్వం తీసేస్తానని కూడా చెప్పేశాడు.

"ఎనుముకు మేత ఏసేది నేను, పితికేది నేను. మరి నీళ్లు కలిపిందెవురప్పా?" అని ఆమె అడిగింది. ఎనుమంటే మా వైపు గేదె.

"మిషను సెప్తా ఉండాదమ్మా. నాకేమన్నా నీమీద పగనా?"

"మిషనుకు ఉండాదేమో."

ఊళ్లో అందరివీ జెర్సీ ఆవులు. ఎనుమున్నది కుప్పమ్మ ఒక్కతెకే. ఎనుము పాలలో కొవ్వు ఆరు శాతం పైన ఉండాలి, తగ్గితే నీళ్లు కలిపినట్టే లెక్క. ఆమె పేరు మీద మూడున్నర పడుతోంది. ఓ మధ్యాహ్నం ఆమె పట్టుబట్టి, వరుస లేనప్పుడు తన పాలొక్కటే అందరి ముందూ పరీక్ష చేయిస్తే ఆరున్నర వచ్చిందట. "అందురూ సూస్తా ఉండారని ఆ పొద్దు మంచి పాలు తెచ్చినాది" అని తేల్చేశారు. ఇలాంటి తర్కానికి ఎవడేం జవాబు చెబుతాడు? పైగా ఆమె వెనక పాలు పోసే దొరసామి, తన ఆవు ఆరున్నర కొవ్వు ఇస్తోందని ఊరందరికీ దాణా సలహాలిస్తున్నాడు. జెర్సీ ఆవుకు ఆరున్నర! ఆ మాట దగ్గర నా చేతిలో కేబుల్ ఆగిపోయింది.

పాలు పరీక్షించే మిషను ఫలితాన్ని కంప్యూటరుకు ప్యాకెట్‌గా పంపుతుంది. ప్యాకెట్ అంటే అంకెల మూట. ఆ మూటలో ఏ అంకె ఎక్కడ ఉండాలన్న ఒప్పందమే ప్రోటోకాల్. దాని వివరాలు ఇమ్మని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేశాను. అది రహస్యమన్నారు. పాల కొవ్వులో రహస్యమేమిటయ్యా అంటే, సిస్టం ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నారు.

సెక్రెటరీని ఒప్పించి, నా ల్యాప్‌టాప్‌తో ప్యాకెట్లు పట్టుకున్నాను. వాటిని విప్పడానికి లైబ్రరీ ఉంటుంది, అంటే ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రాముల సంచి. మొదటి రెండు బైట్లు ఇది, తర్వాతి రెండు అది అని మనం చెబితే మూట విప్పి, పేర్లు పెట్టి చూపిస్తుంది. తిరగేసి చెబితే తిరగేసే చూపిస్తుంది. బైట్ల వరుస తారుమారైనప్పుడు కుప్పమ్మ ఎనుము మూడు వందల యాభై మూడు శాతం కొవ్వు ఇచ్చింది! సరిచేశాక ఆరున్నర. మిషను నిజమే పంపుతోంది. కొవ్వుతో పాటు, అది ఎవరి పాలదో చెప్పే శాంపిల్ నంబరు కూడా పంపుతోంది.

ఆ కేంద్రంలో వరుసలో నిలబడేది క్యాన్లు. ఎవరి క్యాన్ ఎవరి వెనకో వీధుల లెక్కన ఏనాడో కుదిరిపోయింది. ఇప్పటికీ ఎవరూ మార్చరు. వరుస తొందరగా కదలాలని చెంగల్రాయుడు ఒకరి పాలు మిషనుకు పెట్టగానే తర్వాతివాళ్ల పేరు తెర మీదికి తెచ్చేస్తాడు. ఫలితం కాసేపాగి వస్తుంది. సాఫ్ట్‌వేరేమో నంబరు చూడకుండా, అప్పుడు తెర మీద ఎవరి పేరుంటే వాళ్లకు వేసేస్తుంది. హోటల్లో సర్వరు ఎవరు అడిగారో చూడకుండా ఎదురుగా కూర్చున్నవాడి ముందు దోసె పెట్టి పోయినట్టు. ముందున్నవాళ్ల ఆవు పాల కొవ్వు కుప్పమ్మకు, కుప్పమ్మ ఎనుము కొవ్వు దొరసామికి. మిగతావన్నీ ఆవు పాలే గనక తేడా ఎవరికీ కనపడలేదు.

అందరికీ తెర మీద చూపించాను. దొరసామి తన పేరు పక్కనున్న అంకె మీద వేలు పెట్టాడు.

"అయితే నా ఆవు?"

"అన్ని ఆవుల మాదిరి ఆవేనప్పా" అన్నాడు చెంగల్రాయుడు. ఆ పూట నుంచి అతను ఫలితం వచ్చేదాకా ఆగుతున్నాడు. కుప్పమ్మ పాలూ తీసుకున్నాడు. ఆమెకది చాలలేదు.

"నీళ్లు కలిపినానని వరసలో అందురి ముందరా అన్నారు గదన్నా. కలపలేదని కూడా ఆ వరసలోనే సెప్పల్ల. ఆ కంపెనీవోళ్లతోనే సెప్పించు."

కంపెనీకి రాశాను. సమస్య పరిష్కారమైందని ఫిర్యాదు మూసేశారు. మళ్లీ తెరిచాను, మళ్లీ మూశారు. ఒకసారి నా చదువెంతని అడిగారు. నేనడిగింది ఒక్క వాక్యం! వెనకటి రోజుల్లో పాల చిక్కదనం చూడటానికి లాక్టోమీటరు ముంచేవాడు తప్పు చెబితే, వాడి ముఖం మీదే అడిగేవాళ్లం. ఇప్పుడు అడగడానికి ముఖం లేదు. అందుకే అంకె వచ్చిన ప్రతిచోటా అది ఎవరి అంకె అని అడగాలని ఈ కేసుతో నేర్చుకున్నాను. అడిగినవాడు విసుగు చెందకూడదని కూడా నేర్చుకోవాలి గానీ, అది నా వల్ల కాలేదు.

చివరికి జవాబు వచ్చింది. దాన్ని చెంగల్రాయుడు క్యాన్ల వరుస ముందు నిలబడి, కుప్పమ్మ అడిగినట్టే అక్షరం వదలకుండా చదివాడు:

"గౌరవనీయ వినియోగదారునికి. సభ్యురాలు కుప్పమ్మ గారి పాలలో నీళ్లు కలిసినట్టు చూపినది మా సాఫ్ట్‌వేర్ పొరపాటు. ఆమె పాలలో నీళ్లు లేవు. సమస్య పరిష్కరించబడినందున ఈ ఫిర్యాదు మూసివేయబడినది. మా సేవకు ఐదింట ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"