రెండో సైరన్ కోసం

మూడు రాష్ట్రాలు కలిసే చోటు గోదావరి నీళ్లలో ఉంది. ఇంద్రావతి వచ్చి కలిసే దగ్గర. మన ఒడ్డున నిలబడితే ఎదురుగా ఎడమవైపు మహారాష్ట్ర, కుడివైపు ఛత్తీస్‌గఢ్. మైనింగ్ డిప్లొమా చేసి గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పనిచేస్తున్న నాకు హద్దులన్నా కొలతలన్నా పిచ్చి. వీలైనంత దగ్గరికి వెళ్లి చూడాలనుకున్నాను.

తోడు బావ వచ్చాడు. మా అక్క భర్త, అదే గనిలో డంపర్ నడుపుతాడు. "నీళ్లల్ల ఎవడన్న గీత గీసిండా బామ్మర్ది, సూడనీకె?" అంటూనే బండెక్కాడు. బయలుదేరేటప్పుడు అక్క నాకు ఒకటే మాట చెప్పింది: "ఆయనకు ఈత రాదు. నీళ్లల్లకు దిగనియ్యకు."

చలికాలం. నదిలో సగం ఇసుకే. ఒడ్డుకూ ఇసుక తిన్నెకూ మధ్య చీలమండ తడిచేంత పాయ ఉంది. అవి కూడా నీళ్లేనా అనుకుని దాటాం. తిన్నె చివర పెద్ద బండ. అక్కడికి చేరేసరికి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. అవతల అడవి తప్ప మనిషి జాడ లేదు. ఫోటో తీసి వెంటనే వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడే ఒడ్డున ఉన్న ఊరివైపు నుంచి సైరన్ మోగింది.

ఇద్దరం ఏమీ ఆలోచించలేదు. బండ చాటుకు వెళ్లి తలలు వంచి కూర్చున్నాం. మా గనిలో బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగితే ఎక్కడివాళ్లక్కడ షెల్టర్‌లోకి పోవాలి. రెండో సైరన్ వినపడేదాకా కదలకూడదు. దారుల్లో ఎర్రజెండాలు పట్టుకొని మనుషులు నిలబడతారు.

"ఈడ గని ఏడుంది బావా?"

"రోడ్డుకు గుట్ట పేలుస్తున్నరేమో. అగో, జెండా సుత ఊపుతుండు. కదలకు."

ఒడ్డు మీద ఒకతను ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు, గాలికి వినపడటం లేదు. ఎంతసేపటికీ పేలుడు లేదు. బావ పక్కన విడిచిన చెప్పు ఒకటి మెల్లగా తిరిగి, నా ముందు నుంచి తేలుతూ పోయింది.

నదికి ఎగువన బ్యారేజీ ఉందని నాకు తెలుసు. గేట్లు ఎత్తే ముందు నదిలో ఉన్నవాళ్లను బయటికి రమ్మని సైరన్ మోగిస్తారనీ తెలుసు. ఆ తెలిసినదంతా చెప్పుతోపాటే నా ముందుకొచ్చింది.

"లే బావా. నీళ్లు."

పరుగెత్తాం. మేం వచ్చిన అడుగుజాడలు అప్పటికే లేవు. పాయ నడుములోతైంది, లాగుతోంది. బావ తిన్నె అంచునే ఆగిపోయాడు. ఆయన ముఖంలో అలాంటి భయం నేనెన్నడూ చూడలేదు. డంపర్‌కు రాకముందు భూగర్భ గనిలో పనిచేసినప్పుడు, టోపీ దీపం బ్యాటరీ తగిలించుకోవడానికి కట్టుకున్న తోలు బెల్టునే ఆయన ఇప్పటికీ నడుముకు కడతాడు. దాన్ని పట్టుకొని దిగాను. మధ్యలో ఆయన కాలు జారింది. తల మునిగింది. బెల్టు నా వేళ్లలోంచి జారుతున్నట్టే ఉంది. అక్క మాట తప్ప నా తలలో ఇంకేం లేదు.

తువ్వాలతను వలతాడు విసిరాడు. రెండో విసురుకు అందింది.

ఒడ్డున బావ దగ్గి దగ్గి నీళ్లు కక్కాడు. తువ్వాలు ఊపిన ఆ జాలరి మా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సైరన్ ఇనబడలేదా?"

"ఇనబడ్డది. గందుకే కూసున్నం," అన్నాడు బావ.

"సైరన్‌కు కూసునుడేంది అన్నా? ఉరుకాలె గాని."

వెనక్కి చూస్తే తిన్నె లేదు. బండ కొన మాత్రం కనపడుతోంది. ఇంటికొచ్చే దారిలో బావ ఒక్కసారే మాట్లాడాడు: "చెప్పులు బండి మీదికెల్లి పడ్డయని చెప్పు మీ అక్కకు."

మర్నాడు డ్యూటీలో సైరన్ మోగింది. అందరితోపాటు షెల్టర్‌లోకి వెళ్లాను. బల్లమీద కాళ్లు పైకి పెట్టుకొని కూర్చున్నాను. రెండో సైరన్ మోగేదాకా నేల పొడిగానే ఉందా అని చూస్తూనే ఉన్నాను.